నది బలి కోరిందట

ఆ ఉపన్యాసం వింటూ అందరికంటే ముందు కళ్ళు తుడుచుకున్నది టీచరే.

వంతెన ప్రారంభోత్సవం అది. తెల్లగుడ్డ తొడిగిన ముందు వరస కుర్చీల్లో, వంతెన కడుతుండగా చనిపోయినవాళ్ళ కుటుంబాలను కూర్చోబెట్టారు. టీచరు, ఆమె తల్లి, తమ్ముడి భార్య ఒకచోటే కూర్చున్నారు. ఏడాది కిందట వంతెన మధ్య భాగంలో కాంక్రీటు పోస్తుండగా, కింద నది అడుగున నిలబెట్టిన ఇనుప ఆసరాలు దిగబడి, పైనున్నదంతా ఒక్కసారిగా కుప్పకూలింది. పైన పనిచేస్తున్నవాళ్ళలో కొందరు ఈదుకుంటూ బయటపడ్డారు. మిగిలినవాళ్ళు నీళ్ళలో శిథిలాల కింద దొరికారు. అలా దొరికినవాళ్ళలో టీచరు తమ్ముడొకడు. వెల్డింగు పని చేసేవాడు.

దేశాన్నేలే నాయకుడు మైకు ముందుకొచ్చాడు. జేబులోంచి కాగితం తియ్యలేదు. కాసేపు ఏమీ అనకుండా నదివైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"ఈ నది బలి కోరింది. ఆ వీరులు వెనకాడలేదు. ప్రమాదమని తెలిసీ అడుగు ముందుకే వేశారు. మన దారి కోసం తమ ఊపిరి అర్పించారు."

ఆయన మైకు చేత్తో పట్టుకుని వేదిక దిగాడు. నడుచుకుంటూ వచ్చి సరిగ్గా టీచరు తల్లి ముందు ఆగాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మా, నీ కొడుకు చనిపోలేదు. ఈ వంతెనై నిలబడ్డాడు."

తల్లి ఆ చెయ్యి కళ్ళకు అద్దుకుని భోరుమంది. చప్పట్లతో మైదానం దద్దరిల్లిపోయింది. టీచరు కొంగుతో ముఖం కప్పుకుంది. ఎన్నో ఏళ్ళుగా భాష చెబుతున్న మనిషి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో తెలిసినవాడి మాట విన్నప్పుడు ఆమెకు ఒళ్ళు పులకరిస్తుంది. అంత దుఃఖంలోనూ 'ఎంత బాగా మాట్లాడాడు!' అనుకుంది.

ఆ రోజునుంచి తల్లికి అదొక ఆధారమైపోయింది. కొడుకు పోయినప్పట్నించీ ముద్ద మింగుడుపడని మనిషి, ఇప్పుడు సాయంత్రం టీ తాగాక ఫోను ముందు పెట్టుకుని ఆ ఉపన్యాసం వింటుంది. వినీ వినీ అంతా నోటికి వచ్చేసింది. ఆయనతోపాటు పెదవులు కదుపుతుంది. "నీ కొడుకు చనిపోలేదు" అన్న మాట దగ్గరకొచ్చేసరికి ఫోనులోని బొమ్మను వేలితో తడుముతుంది. పక్కింటావిడ వస్తే ఆవిడకీ వినిపిస్తుంది.

"ఇంతమందిలో నా దగ్గరికే వచ్చాడు చూడు," అంటుంది.

కోడలు వంటింట్లోంచి వింటుంది గానీ ఇవతలికి రాదు. బట్టల దుకాణంలో కుట్టుపని చేసి అలిసిపోయి వచ్చిన మనిషి. గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడవుతాయి, అంతే.

*

కొన్నాళ్ళకు బడికి పైనుంచి ఆదేశం వచ్చింది. అన్ని ఉన్నత పాఠశాలల్లోనూ నాయకుడి వంతెన ఉపన్యాసం మీద వ్యాసరచన పోటీ పెట్టాలి. అంశం, 'ఉపన్యాసంలోని సౌందర్యం'. హెడ్‌మిస్ట్రెస్ ఆ కాగితం తెచ్చి టీచరు చేతిలో పెట్టింది.

"పోయింది మీ తమ్ముడు. చెప్పేది మీరు. మన పిల్లలకి బహుమతి రాకపోతే ఇంకెవరికి వస్తుందండీ!" అంది, నవ్వుతూనే. ఆవిడకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు.

టీచరు ఉత్సాహంగానే తరగతికి వెళ్ళింది. ఉపన్యాసం వాక్యాలు వరసగా బోర్డు మీద రాసింది. పొట్టి వాక్యాల బలం చెప్పింది. 'ఊపిరి' అన్న మాట 'ప్రాణం' అన్న మాటకంటే ఎందుకు దగ్గరగా వచ్చి తగులుతుందో చెప్పింది. తర్వాత ఎప్పుడూ చేయించే అభ్యాసమే చేయించింది. ప్రతి వాక్యంలోనూ పని ఏది, ఆ పని చేసింది ఎవరు.

ఆ ప్రశ్న ఆమెకు ఊతపదం లాంటిది. కిటికీ అద్దం పగిలిందని ఏ పిల్లయినా వచ్చి చెబితే, "పగిలిందా, పగలగొట్టావా?" అని అడుగుతుంది. సిరా ఒలికిందంటే, "ఒలికిందా, ఒలకబోశావా?" పిల్లలు ఆమె లేనప్పుడు ఒకరినొకరు ఆ గొంతుతోనే ఏడిపించుకుంటారు.

"నది బలి కోరింది. కోరింది ఎవరు?"

"నది!" అన్నారు అందరూ.

"వీరులు ఊపిరి అర్పించారు. అర్పించింది?"

"వీరులు!"

"వంతెన కూలిన ఆ చీకటి రోజున..." అని ఆమె తర్వాతి వాక్యం చదువుతుండగానే, వెనక బెంచీల్లో పిల్లలు అలవాటు కొద్దీ అందుకున్నారు.

"కూలిందా, కూల్చారా?"

అని, ఫక్కున నవ్వబోయి, ఎవరి గురించి మాట్లాడుతున్నారో గుర్తొచ్చి, బిక్కచచ్చిపోయారు. ఒక పిల్ల "సారీ టీచర్" అంది.

టీచరు కోప్పడలేదు. బోర్డువైపు తిరిగి అలాగే నిలబడిపోయింది. చాక్‌పీసు వేళ్ళ మధ్య పుటుక్కున విరిగింది. ఆ ప్రశ్న అడగాల్సింది పిల్లలు కాదు, తను. ఉపన్యాసం విన్న రోజే అడగాల్సింది.

ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూములో డబ్బా మూత కూడా తియ్యకుండా ఉపన్యాసం అచ్చు ప్రతి ముందేసుకుని కూర్చుంది. ఎర్ర పెన్నుతో గీతలు గీసుకుంటూ పోయింది. గీస్తున్నకొద్దీ ఆమెకు చెవులు వేడెక్కసాగాయి.

కట్టడం గురించి చెప్పినచోటల్లా ఆయన 'మేము' అన్నాడు. 'చెప్పిన రోజుకి మేము కట్టి చూపించాం.' చావుల దగ్గరకొచ్చేసరికి 'వాళ్ళు' అయ్యారు. 'వాళ్ళు అర్పించారు.' ఇక తప్పు ఎవరిదన్న ప్రశ్న వచ్చేచోట, చటుక్కున 'మనం' వచ్చింది. 'ఈ దుఃఖం మనందరిది. ఈ బాధ్యతా మనందరిదే.' గొప్ప పని చేసినప్పుడు జనం బయట ఉన్నారు. పాపం పంచుకునేటప్పుడు జనాన్ని లోపలికి లాగేశాడు. మేము, వాళ్ళు, మనం. ఈ మూడింటి మధ్యా ఎంత నేర్పుగా తిరిగాడు! ఆ ఆసరాలు వేసిన కంపెనీ పేరు ఉపన్యాసం మొత్తంలో ఒక్కసారి కూడా లేదు. చనిపోయినవాళ్ళ పేర్లూ లేవు.

"అయ్యో, తినలేదా ఇంకా?" అంది హెడ్‌మిస్ట్రెస్ లోపలికొస్తూ.

"తినబుద్ధి కావడం లేదండీ," అంది టీచరు. "ఈ పోటీ నా చేత కాదు. ఇంకెవరికైనా చెప్పండి."

*

ఇది ఇలా ఉండగా, ప్రమాదం మీద వేసిన విచారణలో కుటుంబాలవాళ్ళ సాక్ష్యాలు మొదలయ్యాయి. పదవీ విరమణ చేసిన ఒక జడ్జి విచారణాధికారి. టీచరు మరదలు సాక్ష్యం చెప్పడానికి దుకాణంలో సెలవు పెట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చిన మనిషి చెప్పులైనా విడవకుండా గడపలోనే కూలబడింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమ్మా, ఏమైంది?" అని టీచరు మంచినీళ్ళు తెచ్చింది.

"ఆ రోజు ఆయన నాతో ఫోన్లో అన్నదంతా చెప్పాను వదినా. కింద ఆసరాలు దిగబడుతున్నాయే, చెప్తే సైటు మేనేజరు వినట్లేదు, ఎక్కితే ఎక్కండి లేకపోతే రేపట్నించి పనిలోకి రావద్దు అంటున్నాడు... అన్నాడని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను."

"మంచిపని చేశావు. మరి?"

"కంపెనీ వకీలు లేచాడు. చూశారా, ప్రమాదమని మీ ఆయనకి ముందే తెలుసన్నమాట, అన్నాడు. తెలిసీ ఎక్కాడు. తన ఇష్టంతో ఎక్కాడు. దేశాన్నేలే నాయకుడే ఆ మాట అన్నాడు, 'ప్రమాదమని తెలిసీ అడుగు ముందుకే వేశారు' అని. అలాంటి వీరుణ్ణి, పాపం, ఎవరో బలవంతాన ఎక్కించారని చెప్పి మీరే చిన్నబుచ్చుతున్నారమ్మా, అన్నాడు." ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "నన్ను, వదినా! నేను చిన్నబుచ్చుతున్నానంట!"

టీచరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆనాడు ఎర్ర పెన్నుతో గీసుకున్న గీతలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అది కేవలం జనాన్ని ఏడిపించడానికి అల్లిన మాట కాదు. ఎవరు ఏ ఉద్దేశంతో అల్లినా, ఆ మాట ఇప్పుడు ఆమె తమ్ముడి మీదకే తిరిగింది. బెదిరిస్తే ఎక్కినవాణ్ణి, వీరుడని పేరుపెట్టి, తన చావుకు తననే బాధ్యుణ్ణి చేసింది.

అప్పుడే లోపలి గదిలోంచి నాయకుడి గొంతు వినిపించింది. ఆ రోజుకి తల్లి టీ తాగడం అయింది.

టీచరు విసురుగా లోపలికి వెళ్ళి ఫోను ఆపేసింది.

"ఎందుకాపావే?" అంది తల్లి.

"చాలమ్మా. ఇంక ఈ ఇంట్లో అది వినిపించొద్దు." మరదలు చెప్పింది చెప్పింది. తను గీసుకున్న గీతలూ చెప్పింది. ఆవేశంలో చెప్పడం వల్ల అది కొంత పాఠంలా, కొంత తిట్టులా వచ్చింది.

తల్లి చివరిదాకా వినలేదు. "ఆ వకీలు ఎవడో ఏదో కూస్తే దానికి ఆయనేం చేస్తాడు? నా కొడుకుని మెచ్చుకున్న నోరు అదొక్కటే. బతికున్నన్నాళ్ళూ వాణ్ణి మెచ్చుకున్నది ఎవరు? నువ్వా? చదువు అబ్బలేదని వాడంటే నీకు చిన్నచూపు. అంత పెద్దాయన వాణ్ణి వీరుడంటే నీకు మింగుడుపడటం లేదు."

"అమ్మా!"

"నీ వ్యాకరణం నీ బళ్ళో చెప్పుకో. నీ చాక్‌పీసుతో వాణ్ణి ఇంకోసారి చంపకు."

తమ్ముడంటే టీచరుకు చిన్నచూపు లేదు. వాడు ఇంటికి వస్తూ సైటు దుమ్ముతో గుమ్మంలో నిలబడి, "అక్కా, వచ్చానా, వచ్చినానా? ఏది కరెక్టు?" అని ఆటపట్టించే ముఖమే కళ్ళముందు కనిపించింది. ఆ మాట తల్లితో అనలేక, వెళ్ళి పెరట్లో ఆరేసిన బట్టలు తియ్యడం మొదలుపెట్టింది. ఆరనివి కూడా తీసేసింది.

*

విచారణాధికారికి టీచరు ఒక అర్జీ పెట్టుకుంది. నాయకుడి ఉపన్యాసాన్ని కంపెనీ వకీలు సాక్ష్యంగా వాడుతున్నాడు గనక, దాని గురించి మాట్లాడే అవకాశం తనకీ ఇవ్వాలని అడిగింది. ఆశ పెట్టుకోలేదు గానీ, అనుమతి వచ్చింది. వెళ్ళే రోజు పొద్దున తల్లి చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనూ వస్తున్నా. ఆయన్ని నువ్వు ఏమంటావో నా చెవుల్తో వింటా," అంది. కూతురితో మాట్లాడటం మానేశాక ఆమె అన్న మొదటి మాట అది.

విచారణ ఒక పాత ప్రభుత్వ కార్యాలయం మేడ మీద జరుగుతోంది. ఫ్యాను తిరిగినప్పుడల్లా బల్ల మీద కాగితాలు లేచిపడుతున్నాయి. వాటిమీద జడ్జిగారు కళ్ళజోడు పెట్టె బరువుగా పెట్టుకున్నారు. ఒక పక్క కంపెనీ వకీలు, నున్నగా దువ్విన తల, మర్యాదగా నవ్వే ముఖం. ఇంకో పక్క కుటుంబాలవాళ్ళు. ప్రమాదంలో కాలు విరిగి బతికి బయటపడ్డ మేస్త్రీ కర్ర మీద ఆనుకుని కూర్చున్నాడు.

ముందు వకీలు తన వాదన మళ్ళీ వినిపించాడు. ఉపన్యాసం ప్రతి తీసి, గొంతులో కాస్త వణుకు తెచ్చుకుని చదివాడు. "ఈ నది బలి కోరింది. ఆ వీరులు వెనకాడలేదు..."

టీచరు పక్కకు చూసింది. తల్లి పెదవులు అలవాటుగా కదులుతున్నాయి.

"ప్రమాదమని తెలిసీ అడుగు ముందుకే వేశారు. కాబట్టి, అయ్యా, ఇది ఒకరు చేసిన తప్పు కాదు. వాళ్ళు తమ ఇష్టంతో ఎంచుకున్న త్యాగం. దీనికి నా కంపెనీని గానీ, సైటు మేనేజరును గానీ బాధ్యుల్ని చేయడమంటే ఆ త్యాగాన్నే అవమానించడం."

తల్లి పెదవులు ఆగిపోయాయి.

జడ్జిగారు టీచరును పిలిచారు. వకీలు నవ్వాడు. "ఇవాళ మనకి వ్యాకరణం క్లాసన్నమాట," అన్నాడు. కొందరు గుమస్తాలు నవ్వారు.

"అవునండీ. మీరు ఉపన్యాసాన్ని సాక్షిగా తెచ్చారు. సాక్షిని ప్రశ్నలడగాలి కదా," అంది టీచరు. బల్ల అంచు పట్టుకుంది.

"బడిలో పిల్లలు 'అద్దం పగిలింది టీచర్' అని వస్తారండీ. అది అబద్ధం కాదు. అద్దం నిజంగానే పగిలింది. కానీ పగలగొట్టిన పిల్ల ఆ వాక్యంలో ఉండదు. ఈ ఉపన్యాసం కూడా అంతే. 'నది బలి కోరింది' అన్నారు. నది ఏమీ కోరదు. దానికి నోరు లేదు. వంతెన ఫలానా రోజుకి పూర్తి కావాలని కోరింది మనుషులు. ఆ మనుషుల్ని తీసేసి, ఆ చోట నదిని కూర్చోబెట్టారు. నదిని విచారణకి పిలవలేరు కదండీ."

గుమస్తాలు ఈసారి నవ్వలేదు.

"'తెలిసీ అడుగు ముందుకే వేశారు' అన్నారు. తెలియడం నిజం. అడుగు వేయడం నిజం. ఆ రెంటి మధ్య ఒక వాక్యం ఉంది, అది ఎగిరిపోయింది. 'ఎక్కకపోతే రేపట్నించి రావద్దు' అన్న వాక్యం. అది సైటు మేనేజరు అన్నాడు. మా మరదలు చెప్పింది. ఇక్కడున్న మేస్త్రీ గారు తన చెవులతో విన్నారు. ఆ వాక్యం తీసేస్తే మా తమ్ముడు వీరుడవుతాడు. పెడితే, బెదిరింపుకి లొంగి పైకెక్కి, చచ్చిపోయిన కూలివాడవుతాడు. మా తమ్ముడు వీరుడు కానక్కర్లేదండీ. వాడు ఇంటికొస్తే చాలు అనుకున్నాం మేము."

"అంటే నాయకుడు అబద్ధం చెప్పారంటారు?" వకీలు చప్పున లేచాడు. "ఆ మాట రికార్డు చేయించమంటారా?"

"నేనా మాట అనలేదు. అందులో ఇది అబద్ధమని వేలు పెట్టి చూపించే వాక్యం ఒక్కటి ఉన్నా నాకింత ఒళ్ళు మండేది కాదు. అబద్ధమైతే ఖండించొచ్చు. ఇందులో ఖండించడానికేమీ లేదు, ఏడవడానికే ఉంది. నేనూ ఏడ్చాను." ఆమె గొంతు పెరిగింది. "అర్పించారు అన్నారు. అర్పించడమంటే తమ చేతుల్తో తాము ఇవ్వడం. మా వాళ్ళు ఇవ్వలేదండీ! వాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్నారు. తీసుకున్నది ఎవరో మీరు రాయండి. అంతవరకూ ఆ క్రియ వాడే హక్కు ఎవరికీ లేదు. నాయకుడికీ లేదు!"

జడ్జిగారు చెయ్యి ఎత్తి ఆపారు. కాసేపు ఏదో రాసుకున్నారు. తర్వాత, "మేస్త్రీ, ఎక్కమన్న మాట మీరు విన్నారా?" అని అడిగారు.

మేస్త్రీ కర్ర ఆనుకుని లేచాడు. "విన్నానండి. ఆ పిల్లాడు కిందకి దిగి కూడా వచ్చాడు. మళ్ళీ ఎక్కించారు," అన్నాడు.

ఆ సంగతి టీచరుకు అంతవరకూ తెలియదు. దిగి వచ్చాడు. నేల మీద నిలబడ్డాడు. మళ్ళీ ఎక్కించారు. ఆమె కుర్చీలోకి ఎలా వచ్చి కూర్చుందో ఆమెకే గుర్తులేదు. మరదలు ఆమె భుజంలో ముఖం దాచుకుంది.

బయటికొచ్చాక ముగ్గురూ మెట్ల కింద నీడలో నిలబడ్డారు. తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"నా చెయ్యి పట్టుకుని అన్న మాట కూడా అంతేనంటావా?"

"ఏమోనమ్మా. ఆ ఒక్కటీ మనసులోంచే వచ్చిందేమో. నాకు తెలీదు," అంది టీచరు.

"మనసులోంచి వస్తే, వాడి పేరేమిటమ్మా అని అడిగేవాడు," అంది తల్లి. "నేను చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే పక్కకి తిరిగిపోయాడు."

*

మర్నాడు పేపర్లలో టీచరు పేరు పడింది. ఒక పేపరు 'నాయకుడి నోటికి ఎర్ర సిరా' అని రాసింది. ఇంకో పేపరు అమరుల్ని అవమానించిన అక్క అని రాసింది. బడిలో హెడ్‌మిస్ట్రెస్ తలుపు వేసి మరీ మాట్లాడింది. "నాకు మీ మీద కోపం లేదండీ. కానీ నన్నూ అడుగుతున్నారు. మీరు క్షమాపణ రాసిచ్చేస్తే..."

"ఏమని రాయనండీ?"

"'పొరపాటు జరిగింది' అని రాస్తే చాలు."

టీచరు ఆవిడ ముఖంలోకి చూసింది. ఆవిడకు తను ఏమన్నదో అర్థమై, తల దించుకుంది. ఆ నెలలోనే టీచరును రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఒక బడికి బదిలీ చేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కెమెరా పట్టుకుని కొందరు ఇంటికొచ్చారు. నాయకుడి ఉపన్యాసాల మీద సినిమా తీస్తున్నారట. అందులో వంతెన ఉపన్యాసం ముఖ్యమైనదట. ఆయన చెయ్యి పట్టుకున్న తల్లి కనిపించి ఒక్క మాట చెబితే చాలునట. వాళ్ళలో పెద్దగా ఉన్నాయన టీచరును చూసి కాస్త ఇబ్బంది పడ్డాడు గానీ, తల్లి మాత్రం వాళ్ళను రమ్మని, కుర్చీలు వేయించి, టీ ఇప్పించింది. టీచరు అడ్డం చెప్పబోయి, మరదలు చెయ్యి నొక్కితే ఊరుకుంది.

కిటికీ పక్కన దీపాలు పెట్టారు. తల్లి ముఖానికి వెలుగు సరిచేశారు.

"అమ్మా, ఏం లేదు. కెమెరాలోకి చూసి, 'నా కొడుకు చనిపోలేదు' అనండి. అంతే," అన్నాడు పెద్దాయన.

తల్లి కెమెరాలోకి చూసింది.

"నా కొడుకు చనిపోయాడు," అంది.

పెద్దాయన నవ్వి, "కంగారు పడకండమ్మా. 'చనిపోలేదు' అనాలి. ఇంకోసారి," అన్నాడు.

"చనిపోయాడు. నీళ్ళలోంచి తీసినప్పుడు ముఖం నేను చూశాను. నా కొడుకు చనిపోయాడు."

"అమ్మా, అలా కాదు..."

"మరెలా?" తల్లి లేచి నిలబడింది. చిన్న మనిషి. కానీ కెమెరావాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "దిగి వచ్చాడంటయ్యా నా బిడ్డ. నేల మీదకి దిగి వచ్చాడంట. మళ్ళీ ఎక్కించారు. ఎక్కించినవాడు ఇవాళ ఇంట్లో అన్నం తింటున్నాడు. అది తియ్యండి సినిమా. వాడింటికి వెళ్ళి దీపాలు పెట్టండి. నా బిడ్డ చనిపోలేదని నాతో అనిపిస్తే మీకేం ఒరుగుతుంది? వాడు చనిపోకపోతే ఎవడూ చంపనట్టే కదా, అందుకా?"

వాళ్ళు దీపాలు సర్దుకుంటుంటే ఒక తీగ బల్లకాలుకు చుట్టుకుంది. కోడలు వంగి అది విప్పి, వాళ్ళ చేతికిచ్చి, తలుపు తీసి పట్టుకుంది. "వెళ్ళిరండి" అని మాత్రం అనలేదు.

వాళ్ళు పోయాక తల్లి మంచం మీద కూలబడి ఏడ్చింది. కొడుకు పోయిన రోజున ఏడ్చినట్టే ఏడ్చింది. టీచరు పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఆ ఓదార్పును తల్లి దగ్గర్నుంచి లాగేసింది తనే కదా అని ఆమెకు బాధేసింది. ఆ బాధతోపాటే, ఇలాంటి ఓదార్పు ఇచ్చి చేతులు దులుపుకున్నవాళ్ళ మీద కోపం ఇంకా పెరిగింది.

*

విచారణ నివేదిక వర్షాకాలం వెళ్ళాక వచ్చింది. మరదలు దుకాణం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. టీచరు చదివింది.

చనిపోయినవాళ్ళు ఇష్టపూర్వకంగా ప్రమాదాన్ని ఎంచుకున్నారన్న వాదనను జడ్జిగారు తోసిపుచ్చారు. ఉపన్యాసం ఏ విషయానికీ సాక్ష్యం కాదన్నారు. ఆసరాలు దిగబడుతున్నాయని చెప్పినా సైటు మేనేజరు కూలీలను బెదిరించి పైకెక్కించాడని, బలం చాలని ఆసరాలని తెలిసీ కంపెనీ అవే వాడిందని, పేర్లతో సహా రాశారు. మరదలు ఆ పేరా మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. "ఎక్కించాడు అని రాశారు కదా వదినా? ఎక్కించాడు అనే ఉంది కదా?" అంటూ కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి పేజీలో టీచరు గొంతు ఆగింది.

"'నిర్ణీత తేదీకి వంతెన పూర్తిచేయాలన్న ఒత్తిడి వచ్చింది.'" ఇంకోసారి చదివింది. "వచ్చిందట! ఎక్కణ్ణుంచి వచ్చింది? వానలాగా ఆకాశంలోంచి ఊడిపడిందా? ఆ తేదీ పెట్టింది ఎవరు? చెప్పిన రోజుకి కట్టి చూపించామని మైకులో చెప్పుకున్నది ఎవరు?"

మర్నాడే సెలవు పెట్టి జడ్జిగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కసురుకోలేదు. కూర్చోమని, చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"అది నా విచారణ పరిధిలో లేదమ్మా. నన్ను సైటులో ఏం జరిగిందో చూడమన్నారు. అంతవరకే," అన్నారు.

"ఆ పరిధి గీసింది ఎవరండీ?"

"నన్ను నియమించినవాళ్ళు." ఆయన ఆమె ముఖంలోకి సూటిగా చూడలేదు. "కోర్టుకి వెళ్ళండి. నేను రాయగలిగినంత రాశాను. వాళ్ళు అడగగలరు."

ముగ్గురూ కోర్టుకి వెళ్ళారు. మేస్త్రీ, ఇంకో రెండు కుటుంబాలు కూడా కలిశాయి. సైటు మేనేజరు మీద కేసు నడుస్తోంది. ఆ తేదీ ఎవరు నిర్ణయించారో చెప్పే కాగితాలు తెచ్చి చూపించమని నాయకుడి కార్యాలయాన్ని కోర్టు ఆదేశించింది. కార్యాలయం గడువు అడిగింది. మళ్ళీ అడిగింది. ప్రతిసారీ టీచరు కొత్త బడిలో సెలవు పెట్టి వస్తుంది. మరదలు కోర్టు వరండాలోనే కూర్చుని దుకాణం బట్టలకు గుండీలు కుడుతుంది.

గడిచిన వాయిదాకు బయల్దేరేముందు, టీచరు అద్దం ముందు నిలబడి కోర్టులో ఏం చెప్పాలో తనలో తను అనుకుంటోంది. తల్లి వెనకనుంచి వచ్చింది.

"ఈసారి నేను మాట్లాడతా. నువ్వు పక్కన కూర్చో."

"కోర్టులో మాట్లాడటమంటే ఇంట్లో మాట్లాడినట్టు కాదమ్మా. అడ్డం అడుగుతారు. కోపం తెప్పిస్తారు."

"తెప్పించనీ," అంది తల్లి, చెప్పులు తొడుక్కుంటూ. "బస్సు టైమవుతోంది. పద."